ఎత్తు పెరిగితే ఖర్చు పెరగలేదు, రేటు పెరిగింది

సంపాదకులు గారికి నమస్కారం.

వెనక డిక్కీ విడిగా ఉండే పొట్టి కార్లకు, అంటే సెడాన్లకు, కాలం చెల్లుతోందని మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది. ఒక్క మాట దగ్గర మాత్రం కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవాల్సి వచ్చింది. జనం జీపులా కనిపించే ఎత్తు బండ్లు, అదే ఎస్‌యూవీలు అడుగుతున్నారు, కంపెనీలు ఇస్తున్నాయి, అంతే అని తేల్చేశారు. అంతే కాదండి. జనం అడిగిన మాట నిజమే. కానీ వాళ్ళు అడగడానికి ముందు ఇవతలి పక్క చాలా పని జరిగింది. ఆ పనిలో నాకూ ఓ చెయ్యి ఉంది కాబట్టే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కోయడం నాకు కొత్త కాదు.

నేను 31 ఏళ్ళు టూల్ రూంలో పనిచేసి రిటైరయ్యాను. కారు తలుపులు, బానెట్లు, ఫెండర్లు, ఇవన్నీ ఉక్కు రేకును ప్రెస్సులో పెట్టి నొక్కితే వచ్చేవే. ఆ నొక్కే అచ్చును డై అంటాం. డైలు తయారు చేయడం, అరిగితే సరిచేయడం నా ఉద్యోగం. కార్లు అమ్మడం గురించి నాకేమీ తెలియదు. కారులో ఏ ముక్కకు ఎంత శ్రమ పడుతుందో మాత్రం చేతులకు తెలుసు.

ఉద్యోగం చివరి రోజుల్లో రెండు బండ్ల డైలు ఒకేసారి మా దగ్గరికి వచ్చాయి. ఒకటి మామూలు హ్యాచ్‌బ్యాక్, అంటే డిక్కీ విడిగా లేని చిన్న కారు. రెండోది అదే కంపెనీ కొత్తగా తెస్తున్న క్రాసోవర్, అంటే కారు భాగాల మీదే కట్టిన ఎత్తు బండి. మొదటి నమూనా తలుపులు రెండింటినీ పక్కపక్కన స్టాండుకు ఆనించి చూశాం. క్రాసోవర్ తలుపు నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువ, అద్దం కింది గీత కాస్త పైకి ఉంది. అంతే తేడా. రెండూ అవే నాలుగు దెబ్బల్లో తయారవుతాయి. మొదటి ప్రెస్సులో రేకు సాగి ఆకారం వస్తుంది, రెండోదాంట్లో చుట్టూ ఎక్కువైన రేకు తెగుతుంది, మూడోదాంట్లో అంచు మడత పడుతుంది, నాలుగోదాంట్లో బెజ్జాలు పడి చివరి దిద్దుబాటు జరుగుతుంది. అవే ప్రెస్సులు, అవే షిఫ్టులు, అదే కరెంటు. కాటా మీద పెట్టి చూస్తే తేడా కిలో కూడా లేదు. లోపల బిగించే కీళ్ళు, తాళం, అద్దం దించే మోటారు అయితే పార్ట్ నంబరుతో సహా ఒకటే.

తనిఖీకి వచ్చిన కుర్ర ఇంజినీరు ఆ క్రాసోవర్ తలుపు మీద వేళ్ళు పెట్టి కొలిచి, "సార్, షోరూంలో ఈ నాలుగు వేళ్ళ రేటు వేరే" అని నవ్వాడు. మేమూ నవ్వేశాం. మా జీతాలు వచ్చేది ఆ నాలుగు వేళ్ళ మీదే కదా మరి.

మీ వ్యాసంలో లేనిది ఇదే. కారు కింద ఉండే అసలు బండిని ప్లాట్‌ఫాం అంటారు. నేల, సస్పెన్షన్, స్టీరింగ్, ఇంజిను కూర్చునే చోటు, ఢీకొడితే నలగాల్సిన భాగం అన్నీ అందులోకి వస్తాయి. ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్ళు పట్టేది దానికే. ఒకసారి తయారైందంటే దాని మీద పొట్టి బండి కట్టినా, పొడుగు బండి కట్టినా కంపెనీకి వచ్చే తేడా తక్కువ. ఫోక్స్‌వ్యాగన్ పోలో, టీ-క్రాస్ ఒకే కుటుంబపు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాయి. టయోటా యారిస్, యారిస్ క్రాస్ కూడా అంతే, పేరులోనే దాచకుండా చెప్పేశారు. టెస్లా మోడల్ 3 అనే సెడాన్ భాగాలతోనే మోడల్ వై అనే ఎత్తు బండి కట్టారు. 2023లో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన మోడల్ ఆ రెండోదే. ఎత్తు బండి కొనేవాడు తాను వేరే జాతి బండి కొన్నాననుకుంటాడు. లిఫ్ట్ మీద పెట్టి పైకి లేపితే అడుగున కనిపించేది తమ్ముడి బండే.

ఈ కిటుకు నిన్నా మొన్నటిది కాదు. మొదట్లో ఎస్‌యూవీ అంటే లారీ చట్రం మీద కూర్చోబెట్టిన పెట్టె. ఎగిరెగిరి పడేది, మలుపులో వాలేది. 1984 మోడల్ జీప్ చెరొకీ ఆ చట్రాన్ని వదిలి, బాడీనీ చట్రాన్నీ ఒకటిగా కట్టింది. 1994లో టయోటా రావ్4, 1995లో హోండా సీఆర్-వీ వచ్చాయి. ఈ రెండూ మామూలు కార్ల భాగాల మీద కట్టినవి. సీఆర్-వీకి ఆధారం సివిక్. నడిపితే కారులా ఉంటుంది, చూస్తే జీపులా ఉంటుంది. అక్కడి నుంచి కంపెనీలకు దారి దొరికిపోయింది.

చక్రాల చుట్టూ, తలుపుల కింద కనిపించే నల్లటి ప్లాస్టిక్ పట్టీ సంగతి కూడా చెప్పాలి. రాళ్ళు తగిలితే పెయింటు పోకుండా అని బ్రోచర్లో రాస్తారు. నిజమే, కొంత పనికొస్తుంది. మా ప్రెస్ షాపు వాళ్ళ కళ్ళతో చూస్తే మాత్రం అది పెయింటు వేయక్కర్లేని ముక్క. పైగా తలుపును పైకీ కిందికీ పెంచితే పక్క నుంచి బండి బీరువాలా కనిపిస్తుంది. కింద నల్లరంగు వేస్తే ఆ బరువు కంటికి ఆనదు. ఎత్తు పెంచినట్టూ ఉండాలి, ఎబ్బెట్టుగానూ ఉండకూడదు. దానికి ఆ పట్టీ చాలు. గీసినవాడి తెలివిని మెచ్చుకోవలసిందే.

ఇక చిన్న కారు వైపు నుంచి లెక్క చూడండి. ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, పొగ శుభ్రం చేసే పరికరం, కెమెరాలు, సెన్సార్లు, గోడకు గుద్దించి చేసే పరీక్షలు. చిన్న కారయినంత మాత్రాన వీటి ఖర్చు సగం కాదు. ఎయిర్‌బ్యాగు తయారుచేసేవాడు చిన్న బండికని చవగ్గా ఇవ్వడు. నిబంధన పెరిగిన ప్రతిసారీ చిన్న బండి మీద మిగిలే నాలుగు డబ్బుల్లోంచి ఒకటి పోతుంది. ఆ నిబంధనలు వద్దని నేననడం లేదు. వాటివల్లే ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ రేటు పెంచితే చిన్న కారు కొనేవాడు పారిపోతాడు, ఎత్తు బండి కొనేవాడు పారిపోడు. రెండిట్లో ఏది తయారు చేద్దామని లెక్కల వాళ్ళను అడిగితే ఏం చెప్తారు? 2018 ఏప్రిల్లో ఫోర్డ్ కంపెనీ ఉత్తర అమెరికాలో సెడాన్లను ఒక్కొక్కటిగా ఆపేస్తామని ప్రకటించింది. మస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారును ఉంచుతామంది. యూరప్‌లో 1976 నుంచి నడిచిన ఫోర్డ్ చిన్న కారు ఫియెస్టా ఉత్పత్తి 2023 జూలైలో ఆగిపోయింది. ఫియెస్టాను ఎవరూ కొనక ఆపేశారంటే నేను నమ్మను. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్న బండి అది.

చట్టాల కథ ఇంతకంటే తమాషాగా ఉంటుంది. అందులో మొదటి పాత్ర కోడి.

1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. అమెరికాకు ఒళ్ళు మండి, బదులుగా వాళ్ళ సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. అందులో బ్రాందీ ఉంది, బంగాళాదుంప పిండి ఉంది, తేలికపాటి ట్రక్కులూ ఉన్నాయి. 1964లో అమల్లోకి వచ్చిన ఆ సుంకం మిగతా వాటి మీద తర్వాత పోయింది, ట్రక్కుల మీద మాత్రం ఉండిపోయింది, జపాన్ ట్రక్కులకూ తగిలింది. దాన్ని ఇప్పటికీ కోడి పన్ను అనే అంటారు. దాంతో కార్లలో జపాన్ వాళ్ళు ఎంత తొక్కేసినా, పికప్ ట్రక్కుల్లో మాత్రం అమెరికా కంపెనీలకు ఇంటి కోట దక్కింది. లాభం ఎక్కడుంటే బుర్ర అక్కడే పెడతారు. ఆ ట్రక్కు చట్రాల మీదే పెద్ద ఎస్‌యూవీలు పుట్టుకొచ్చాయి.

రెండోది పెట్రోలు పొదుపు చట్టం. 1973లో చమురు కరువు చూశాక, 1975లో అమెరికా ఒక చట్టం తెచ్చింది. ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ 1978లో గ్యాలన్‌కు 18 మైళ్ళు ఉండాలి, 1985కల్లా 27.5కు చేరాలి. మన లెక్కలో లీటరుకు ఏడున్నర కిలోమీటర్ల నుంచి పన్నెండుకు కాస్త తక్కువ. తేలికపాటి ట్రక్కులకు వేరే లెక్క పెట్టారు. రైతులు, తాపీ పనివాళ్ళు వాడే బండ్లు కదా, వాళ్ళ మీద భారం ఎందుకని. ఆలోచన మంచిదే. 1996 నుంచి 2004 దాకా ఆ ట్రక్కుల లెక్క 20.7 మైళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఒకే రోడ్డు మీద నడిచే రెండు బండ్లకు రెండు పరీక్షలు, ఒకదానికి పాస్ మార్కులు తక్కువ. తెలివైన విద్యార్థి ఏ పరీక్షకు కూర్చుంటాడు?

ట్రక్కు అంటే ఏమిటో తేల్చింది కూడా కొలతలే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, ముందు చక్రం దగ్గర నేల నుంచి బంపరు దాకా లేచే కోణం కనీసం 28 డిగ్రీలు, వెనకది 20, అడుగున ఖాళీ 20 సెంటీమీటర్లు, ఇలాంటి 5 కొలతల్లో 4 కుదిరితే చాలు, చట్టం దృష్టిలో అది కారు కాదు. కొలతలంటే మాలాంటి వాళ్ళ చేతి పని. 2005 మోడల్‌కు సుబారు వాళ్ళు అవుట్‌బ్యాక్ ఎత్తును కాస్త పెంచి దాన్ని ట్రక్కుల జాబితాలోకి ఎక్కించారు. క్రైస్లర్ వాళ్ళ పీటీ క్రూజర్ అనే బుల్లి కారు ఇంకో దారిలో వెళ్ళింది. వెనక సీట్లు తీసేస్తే నేల చదునుగా సామాను పెట్టుకునేలా ఉంటుంది కాబట్టి అది కూడా ట్రక్కే! ఆ బండిలో ఇసుక తోలినవాణ్ణి నేనైతే చూడలేదు.

తర్వాత నిబంధనలు మార్చారు. నాలుగు చక్రాల మధ్య ఉన్న చోటును బట్టి మైలేజీ గురి పెట్టారు. బండి ఎంత పరుచుకుంటే గురి అంత సులువు. పెద్ద బండ్లు ఎక్కువ కట్టే కంపెనీలకు అన్యాయం జరగకూడదనో, అందరూ మరీ చిన్న బండ్లకు దిగి ప్రమాదాల్లో చితికిపోకూడదనో ఏవో కారణాలు చెప్పారు. కారణాలేవైనా పెద్దదిగా కట్టినవాడికి శిక్ష లేదు. ఇండియాలో గీత ఇంకోచోట గీశారు. 2006లో 4 మీటర్ల లోపు, చిన్న ఇంజిను ఉన్న కార్లకు ఎక్సైజు పన్ను తగ్గించారు. గీత పొడవు మీద గీశారు కానీ ఎత్తు మీద కాదు. ఇంకేం, మొదట డిక్కీ కత్తిరించిన సెడాన్లు వచ్చాయి, ఆ వెనకే 4 మీటర్ల లోపు ఎస్‌యూవీలు దిగాయి. అడ్డంగా ఒప్పుకోకపోతే నిలువుగా పెంచారు.

ఇంత చెప్పానని, కొనేవాళ్ళంతా మోసపోతున్నారని అనడం లేదు. నాకిప్పుడు 68 ఏళ్ళు. సెడాన్‌లో కూర్చోవడమంటే బావిలోకి దిగడం, లేవడమంటే పైకి ఎక్కడం. మా ఆవిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. మా అల్లుడి ఎస్‌యూవీ సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తులో ఉంటుంది. పక్కకు తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి పెట్టుకుంటే అయిపోతుంది. అల్లుడి బండి తప్ప ఇంకోటి ఎక్కనంటుంది. ఆమెతో ప్లాట్‌ఫాంల గురించి వాదించే ధైర్యం నాకు లేదు. పసిపిల్లను వెనక సీట్లో కట్టేటప్పుడు నడుం వంచక్కర్లేదని మా అమ్మాయి కూడా అంటుంది. ఈ సౌకర్యాలు నిజమైనవి. ఒకప్పటి ఎస్‌యూవీలు పల్టీ కొట్టేవన్న భయం కూడా చాలావరకు తగ్గింది. బండి అదుపు తప్పుతుంటే తానే ఒక్కో చక్రానికి బ్రేకు వేసే ఈఎస్‌సీని అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి తప్పనిసరి చేశారు. ఆ పరికరం లేకపోతే ఈ ఎత్తు బండ్ల పెళ్ళి ఇంత సజావుగా జరిగేది కాదు.

కానీ కొనేవాడి మనసులో ఇంకోటి కూడా ఉంటుంది. పక్కవాడి బండి ఎత్తయితే మన అద్దంలోంచి దాని బంపరు తప్ప రోడ్డు కనిపించదు. రాత్రిపూట వెనకవాడి లైట్లు సూటిగా మన అద్దంలో పడతాయి. టెన్షన్ పుడుతుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే మనమూ ఎత్తు బండి కొనాలి. మనం కొన్నాక మన ముందున్న చిన్న కారువాడికి అదే టెన్షన్. సినిమా హాల్లో ముందు వరుసవాడు లేచి నిలబడితే వెనకున్నవాళ్ళంతా లేచినట్టు. అందరూ నిలబడ్డాక ఎవరికీ కొత్తగా కనిపించేదేమీ లేదు, కాళ్ళ నొప్పులు తప్ప. సినిమా హాలువాడు మాత్రం నిలబడ్డందుకు టికెట్టు పెంచాడు. దీన్ని "జనం కోరుకున్నది" అని రాస్తే ఎలా?

పోయిన నెల మా మనవరాలితో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. దానికి అయిదేళ్ళు. గోడ మీద పెన్సిల్ గీత ప్రకారం 107 సెంటీమీటర్లు. వాళ్ళ నాన్న బండి బానెట్ ముందంచుకు టేపు పెట్టి కొలిస్తే 101 వచ్చింది. పాత అలవాటు, ఏది కనిపించినా కొలుస్తాను. ఇంజిను ఆపి, తాళం జేబులో వేసుకుని, నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పిల్లను బంపరుకు ఆనుకుని నిలబడమన్నాను. పిల్ల లేదు. అసలు అక్కడ ఎవరూ ఉన్నట్టే లేదు. "తాతయ్యా, కనిపిస్తున్నానా?" అని గొంతు వినిపిస్తోంది, మనిషి లేదు. ఒక్కో అడుగు వెనక్కి వెయ్యమన్నాను. దానికి ఆటగా ఉంది, ప్రతి అడుగుకూ అదే ప్రశ్న. నాలుగు అడుగులు వేశాక రిబ్బను కనిపించింది. ఆరో అడుగుకు కళ్ళు. ఆ తర్వాత నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో కూర్చుని అదే ఆట ఆడాం. బంపరుకు ఆనుకుని నిలబడినా నుదురు, రిబ్బను కనిపించాయి.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023 నవంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. బానెట్ ముందంచు 40 అంగుళాలు, అంటే దాదాపు 102 సెంటీమీటర్లు దాటితే, ఆ బండి గుద్దిన పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్న బండితో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. కారణం చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. పొట్టి బానెట్ కాళ్ళకు తగిలి మనిషిని పైకి పడేస్తుంది. ఎత్తు బానెట్ ఛాతీకి, తలకు తగిలి కిందికి తోస్తుంది. బానెట్ ముందంచును అంత నిలువుగా పెట్టడానికి ఇంజిను అవసరం కారణం కాదు, నేను చూసిన చాలా బండ్లలో దాని కింద జానెడు ఖాళీ ఉంటుంది. అది ఎక్కువగా గంభీరంగా కనిపించడం కోసమే. నేను నొక్కిన రేకుల్లో నాకు బాధ కలిగించేవి ఆ బానెట్లే.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. బండి ముందు నుంచి ఎంత పెద్దదిగా కనిపిస్తే గాలిని అంత తోసుకుపోవాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలు. బరువు సరేసరి. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ లెక్క ప్రకారం ఎస్‌యూవీ సగటున మధ్యరకం కారు కంటే 200 నుంచి 300 కిలోలు ఎక్కువ తూగుతుంది. 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం అవే. మరి నా తలుపుల్లో కిలో కూడా తేడా లేదంటినే అని మీరు అడగవచ్చు. ఒకే ప్లాట్‌ఫాం మీది అన్నదమ్ముల మధ్య తేడా తక్కువే. కానీ కొనేవాడు అక్కడ ఆగడు. ఒకసారి ఎత్తుకు అలవాటు పడ్డవాడు తర్వాతి బండికి ఇంకో మెట్టు ఎక్కుతాడు. కంపెనీ ఆ మెట్లను దగ్గర దగ్గరగా కట్టింది కూడా అందుకే.

కరెంటు బండ్లు వస్తే ఇది మారుతుందనుకున్నాను, మారలేదు. బ్యాటరీ నేల కింద పరుస్తారు కాబట్టి నేల పైకి లేస్తుంది, దాంతో సీటు, సీటుతో పాటు కప్పు కూడా లేస్తాయి. సెడాన్‌లో ఆ ఎత్తును దాచడం కష్టం, ఎస్‌యూవీలో దాచక్కర్లేదు. కంపెనీకి మళ్ళీ అదే ఆకారం కలిసొచ్చింది.

పన్నులు వేసి ఆపగలమా అన్నదాని మీద నాకు పెద్ద ఆశలు లేవు. పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, బయటి నుంచి వచ్చే బరువు బండ్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చేశారు. పెట్రోలు బండి అయితే 1.6 టన్నులు, కరెంటు బండి అయితే 2 టన్నులు దాటితే అంతే సంగతి. ఓటేసినవాళ్ళు ఆరు శాతం కూడా లేరు. బరువు మీద గీత గీశారు కదా, ఇక టూల్ రూముల్లో నా తర్వాతివాళ్ళు బరువు తగ్గించే పనిలో ఉంటారు. ఎత్తు మీద మాత్రం అక్కడ ఎవరూ చెయ్యి వేయలేదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది చిన్న విషయం. మీ పత్రికలో కొత్త కార్ల పరిచయం వేసేటప్పుడు ఇంజిను, మైలేజీ, తెర ఎన్ని అంగుళాలు అన్నీ రాస్తారు. వాటి పక్కన మూడు వివరాలు వేయండి. ఖాళీ బండి బరువు ఎంత, అదే ప్లాట్‌ఫాం మీద ఆ కంపెనీ అమ్మే పొట్టి బండి ఏది, బానెట్ ముందంచు నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లు. మొదటి రెండూ కంపెనీని అడిగితే చెప్తుంది. మూడోది బ్రోచర్లో ఉండదు. మీ విలేకరి చేతికి ఒక టేపు ఇచ్చి పంపండి, లేకపోతే నాది ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ డై మేకర్